‘రెయిజ్’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వేరే మాట వెతుక్కోవాలి

టికెట్ రైజ్ చేశాను, ఇన్‌వాయిస్ రైజ్ చేశారు, మీటింగ్‌లో ఆ పాయింట్ రైజ్ చేసింది. తెలుగు మాటల మధ్య ఇలా అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అదే మాటతో ఇంగ్లిష్‌లో మెయిల్ రాయాల్సి వస్తేనే చిక్కు. మనం ఒకేలా పలికేస్తున్నవి నిజానికి రెండు క్రియలు. ఆర్-ఏ-ఐ-ఎస్-ఈ అని రాసేది ‘రెయిజ్’, పలకడంలో ‘ప్రెయిజ్’ లాంటిది. ఆర్-ఐ-ఎస్-ఈ అని రాసేది ‘రైజ్’, ‘సైజ్’ లాంటిది. ముందు ఈ రెండింటినీ నోట్లోనే విడదీసుకుంటే రాతలో తప్పులు సగం తగ్గుతాయి.

ఏది ఎప్పుడు వాడాలో చెప్పడానికి తెలుగే సాయం చేస్తుంది. మనకు పెరుగు–పెంచు, లేచు–లేపు, దిగు–దింపు అనే జంటలున్నాయి. దానంతట అది జరిగితే మొదటిది, ఎవరో పూనుకుని జరిపితే రెండోది. రైజ్–రెయిజ్ జంట కూడా అంతే. ‘పాల ధర పెరిగింది’ అంటే ‘ద ప్రైస్ ఆఫ్ మిల్క్ రోజ్’. ‘డెయిరీ వాళ్లు పాల ధర పెంచారు’ అంటే ‘ద డెయిరీ రెయిజ్‌డ్ ద ప్రైస్ ఆఫ్ మిల్క్’. దేన్ని పెంచారు, దేన్ని ఎత్తారు అని అడిగితే వాక్యంలో జవాబు దొరకాలి. దొరికితే రెయిజ్, దొరక్కపోతే రైజ్. సూర్యుడు, పొగ, నదిలో నీటిమట్టం, ఇవన్నీ రైజ్ అయ్యేవే.

రూపాల దగ్గర జాగ్రత్త. రెయిజ్, రెయిజ్‌డ్, రెయిజ్‌డ్: మామూలు పద్ధతి. రైజ్ మాత్రం రోజ్, రిజన్ అని మారుతుంది. ‘రైజ్‌డ్’ అనే రూపమే లేదు. ‘హ్యాజ్ రోజ్’ కూడా తప్పే, ‘హ్యాజ్ రిజన్’ అనాలి. మనవాళ్ల రాతల్లో తరచూ కనబడే తప్పు ‘ప్రైసెస్ రెయిజ్‌డ్’. ధరలు పెరిగాయని చెప్పాలంటే ‘ప్రైసెస్ రోజ్’. ధరలు పెంచారు గానీ ఎవరు పెంచారో చెప్పనక్కర్లేదంటే ‘ప్రైసెస్ వర్ రెయిజ్‌డ్’. ఆ ఒక్క ‘వర్’ మరిచిపోతే వాక్యం కూలిపోతుంది.

అంకెలు వచ్చినప్పుడు ‘బై’, ‘టు’ తేడా చూసుకోండి. ఎంత మేరకు పెంచారో చెప్పేది బై, ఎంతకు చేర్చారో చెప్పేది టు. జీతం 50,000 నుంచి 55,000 అయితే ‘రెయిజ్‌డ్ బై టెన్ పర్సెంట్’ అనవచ్చు, ‘రెయిజ్‌డ్ టు ఫిఫ్టీ ఫైవ్ థౌజండ్’ అనీ అనవచ్చు. ‘రెయిజ్‌డ్ టు టెన్ పర్సెంట్’ అంటే అర్థమే మారిపోతుంది. పన్ను రేటు 12 నుంచి 18 శాతానికి పెంచితే అది ‘బై సిక్స్ పర్సెంటేజ్ పాయింట్స్’. అక్కడ ‘బై సిక్స్ పర్సెంట్’ అని రాయకూడదు, ఎందుకంటే 12 మీద 6 అంటే 50 శాతం పెరుగుదల.

అసలు కష్టం ‘పెంచు’తో. మనం ధరనూ, పిల్లల్నీ, కోళ్లనూ, మల్లెతీగనూ, గడ్డాన్నీ ఒకే క్రియతో పెంచేస్తాం. ఇంగ్లిష్ అలా ఒప్పుకోదు. పిల్లల విషయంలో ‘రెయిజ్’ సరిపోతుంది, బ్రిటన్‌లో ‘బ్రింగ్ అప్’ ఎక్కువ వినిపిస్తుంది. ‘అమ్మమ్మే నన్ను పెంచింది’ అంటే ‘మై గ్రాండ్‌మదర్ రెయిజ్‌డ్ మీ’ అన్నా, ‘బ్రాట్ మీ అప్’ అన్నా ఒకటే. కోళ్లు, గొర్రెలు రాబడి కోసం పెంచితే రెయిజ్ గానీ ‘రియర్’ గానీ పెట్టవచ్చు. హిందూపురం, మదనపల్లె వైపు సాగే పట్టుపురుగుల పెంపకానికి రియరింగ్ అన్నదే స్థిరపడిన మాట. భీమవరం చెరువుల్లో రొయ్యలకు ‘ఫార్మ్’, ‘కల్చర్’ అంటారు. మొక్కలకు, జుట్టుకు, గడ్డానికి ‘గ్రో’. పంటలకు రెయిజ్ వాడటం అమెరికాలో ఉంది గానీ మనకు గ్రో అలవాటు చేసుకోవడం మేలు. ఇంట్లో ముద్దుగా పెంచుకునే పిల్లికి ‘వి హ్యావ్ ఎ క్యాట్’ చాలు, రెయిజ్ అంటే పిల్లుల ఫారం పెట్టారనుకుంటారు. టీవీ సౌండ్ పెంచమనడానికి ‘టర్న్ ఇట్ అప్’. ఒళ్లు పెరిగితే ‘ఐ పుట్ ఆన్ వెయిట్’. ఇక్కడ రెయిజ్ పనికిరాదు, రైజ్ కూడా పనికిరాదు.

‘ఎత్తు’ దగ్గర రెయిజ్‌కు పోటీ ‘లిఫ్ట్’. బరువు తెలిసేలా కింది నుంచి పైకి తీస్తే లిఫ్ట్: బస్తా, సూట్‌కేస్, బిందె. ఉన్నచోట ఉంటూనే పైకి లేపితే రెయిజ్: చెయ్యి, కనుబొమ్మ, అద్దం, తెర. జెండాకు రెయిజ్ అన్నా ‘హాయిస్ట్’ అన్నా సరే. నిషేధం ఎత్తేస్తే మాత్రం లిఫ్ట్ అనాలి. ఏడుస్తున్న పాపను ఎత్తుకోమనడానికి ‘పిక్ హర్ అప్’. ‘రెయిజ్ ద బేబీ’ అంటే ఆ పాపను పెంచి పెద్దచేయమని. ఫోన్ ఎత్తడం లేదన్నదాన్ని మనం ‘లిఫ్ట్ చేయట్లేదు’ అంటాం. విదేశంలో ఉన్నవాళ్లకు రాసేటప్పుడు ‘హీ ఈజ్ నాట్ ఆన్సరింగ్’ అనండి, అది ఎక్కడైనా అర్థమవుతుంది.

గొంతు సంగతి ఇంకా సున్నితం. ఇంటర్వ్యూ కాల్‌లో అవతలివాళ్ల మాట సరిగా వినబడక ‘ప్లీజ్ రెయిజ్ యువర్ వాయిస్’ అనేస్తుంటారు. ‘రెయిజ్ వన్స్ వాయిస్’ అన్నప్పుడు తరచూ కోపంతో గొంతు పెంచడమే మనసులో మెదులుతుంది. ‘కుడ్ యూ స్పీక్ అప్ ఎ లిటిల్’ అంటే మర్యాదగా ఉంటుంది.

క్లాసులో ప్రశ్న అడిగితే ‘ఆస్క్’ చాలు. పదిమంది చర్చించాల్సిన విషయాన్ని ముందుకు తెస్తే రెయిజ్: ఇష్యూ, అబ్జెక్షన్, కన్సర్న్. మామూలు మాటల్లో ‘బ్రింగ్ అప్’ కూడా ఇదే పని చేస్తుంది. ఫిర్యాదుకు ‘ఫైల్’ లేదా ‘లాడ్జ్’ వాడితే అధికారిక రాతకు బాగుంటుంది. టికెట్‌కు, ఇన్‌వాయిస్‌కు, పర్చేజ్ ఆర్డర్‌కు రెయిజ్ నిక్షేపంగా పెట్టవచ్చు.

డబ్బు విషయంలో ‘కలెక్ట్’, ‘రెయిజ్’ రెండూ కావాలి. వినాయక చవితికి ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేయడం కలెక్ట్, అలా మొత్తం 50,000 పోగుచేయగలిగితే రెయిజ్: ‘వి కలెక్టెడ్ డొనేషన్స్ అండ్ రెయిజ్‌డ్ ఫిఫ్టీ థౌజండ్’. పెట్టుబడికీ రెయిజే.

జీతం పెంపును నామవాచకంగా చెప్పాలంటే అమెరికాలో ‘ఎ రెయిజ్’, బ్రిటన్‌లో ‘ఎ పే రైజ్’. మన ఆఫీసుల్లోని హైక్, ఇంక్రిమెంట్ ఇక్కడ చెల్లుతాయి. లెక్కల్లో 2 రెయిజ్‌డ్ టు ద పవర్ ఆఫ్ 3 అంటే 8.

చివరగా, ఆర్-ఏ-జెడ్-ఈ అని ఇంకో క్రియ ఉంది. ఉచ్చారణ అచ్చం రెయిజ్‌దే, అర్థం మాత్రం నేలమట్టం చేయడం. ‘ద బిల్డింగ్ వాజ్ రెయిజ్‌డ్ టు ద గ్రౌండ్’ అని ఎస్‌తో రాస్తే పెద్ద పొరపాటు. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి స్పెల్ చెక్ చాలాసార్లు వదిలేస్తుంది. కూల్చివేత గురించి రాసినప్పుడు అక్కడ జెడ్ పడిందో లేదో కంటితో చూసుకుని పంపండి.