రేట్ల పట్టిక నుంచి బిల్లులోకి: లుకప్ ఫార్ములాల వాడకం

విశాఖపట్నం పూర్ణా మార్కెట్లో ఒక టోకు కిరాణా కొట్టు ఉందనుకుందాం. గాజువాక, మద్దిలపాలెం, గోపాలపట్నం చిల్లర దుకాణాలకు సరుకు పంపే ఆ కొట్టువారి ఎక్సెల్ ఫైలులో 'రేట్లు' అనే షీటు ఉంటుంది. అందులో ఏ కాలమ్‌లో సరుకు కోడు, బి కాలమ్‌లో పేరు, సి కాలమ్‌లో కిలో ధర ఉంటాయి. ఆర్డర్ల షీటు ఏ2 సెల్లులో కోడు కొట్టగానే పక్కన ధర వచ్చి పడాలంటే ఈ ఫార్ములా రాయాలి:

=వీలుకప్(ఏ2,'రేట్లు'!$ఏ$2:$సి$300,3,ఫాల్స్)

చదవడానికి వీలుగా తెలుగులో రాశాను గానీ, సెల్లులో ఫంక్షన్ పేర్లను, కాలమ్ అక్షరాలను ఇంగ్లీషులోనే టైపు చేయాలి. ఇందులో మొదటిది వెతకవలసిన కోడు, రెండోది వెతికే పట్టిక, మూడోది ఆ పట్టికలో ఎన్నో కాలమ్ కావాలో చెప్పే అంకె. డాలరు గుర్తులు పెట్టకపోతే, ఫార్ములాను కిందికి లాగినకొద్దీ పట్టిక కూడా ఒక్కొక్క వరుస చొప్పున కిందికి జారి, పైనున్న సరుకులు దొరకకుండా పోతాయి. పట్టికను ఎంచుకోగానే ఎఫ్4 నొక్కితే ఆ గుర్తులు వాటంతటవే వస్తాయి.

అసలు ప్రమాదం నాలుగో స్థానంలో ఉంది. అక్కడ ఫాల్స్ అని రాయకుండా వదిలేస్తే, ఎక్సెల్ సరిగ్గా అదే కోడు దొరకకపోయినా దగ్గరి కోడుతో సరిపెట్టుకుంటుంది. 101, 102, 104 కోడులున్న పట్టికలో, కొత్తగా వచ్చిన మినపగుళ్ళ కోడు 103 ఇంకా ఎక్కలేదనుకోండి. 102 దగ్గరున్న కందిపప్పు ధర, ఉదాహరణకు 140 రూపాయలు, మినపగుళ్ళకు పడిపోతుంది. 25 కిలోలకు 3,500 రూపాయలని బిల్లు చక్కగా తయారవుతుంది. తప్పు జరిగినట్టు ఎక్కడా కనబడదు. తూకాన్ని బట్టి తగ్గింపు ఇచ్చే శ్లాబుల వంటి చోట్ల, పట్టిక చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరుసలో ఉన్నప్పుడు మాత్రమే ఈ పద్ధతి పనికొస్తుంది, అదీ ఫాల్స్ రాయకుండా.

ఫాల్స్ రాసినా, కోడు దొరకలేదని చెప్పే #ఎన్/ఏ వస్తుంటే, కోడు కంటికి కనబడుతూనే ఉంటే, ఒక షీటులో కోడు అంకెగా, ఇంకో షీటులో అక్షరాలుగా నమోదై ఉండవచ్చు. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి కాపీ చేసిన కోడులతో ఈ ఇబ్బంది ఎక్కువ. అటువంటి సెల్లు మూలన సాధారణంగా చిన్న పచ్చ త్రికోణం కనబడుతుంది. ఆ సెల్లులను ఎంచుకుని, పక్కన వచ్చే గుర్తు నొక్కి 'కన్వర్ట్ టు నంబర్' ఎంచుకుంటే సరిపోతుంది. పేర్లతో వెతికేటప్పుడు చివర మిగిలిపోయిన ఖాళీలను ట్రిమ్ అనే ఫంక్షన్ తీసేస్తుంది.

ఇక మూడో స్థానంలోని అంకె సంగతి. నేను లెక్కలు చూసిన ఒక కొట్టులో పేరుకూ ధరకూ మధ్య జిఎస్‌టి శాతం కాలమ్ చేర్చారు. ఫార్ములాలో 3 మాత్రం 3గానే ఉండిపోవడంతో, మర్నాడు పలాస జీడిపప్పు కిలో 5 రూపాయలని బిల్లులో పడింది. అందుకే, వీలున్నచోట కాలమ్ అంకెతో పని లేని ఈ ఫార్ములానే వాడడం మంచిదని నా అభిప్రాయం:

=ఎక్స్‌లుకప్(ఏ2,'రేట్లు'!$ఏ$2:$ఏ$300,'రేట్లు'!$సి$2:$సి$300,"రేటు లేదు")

మైక్రోసాఫ్ట్ 2019లో ప్రకటించిన ఈ ఫంక్షన్, ఏమీ చెప్పకపోయినా ఖచ్చితమైన కోడునే వెతుకుతుంది. కాలమ్‌లను చేర్చినా ఫార్ములా తనంతట తానే సర్దుకుంటుంది. ఇది ఎక్సెల్ 2016, 2019 వెర్షన్లలో లేదు. ఎక్సెల్ 2021లోనూ, మైక్రోసాఫ్ట్ 365లోనూ, గూగుల్ షీట్స్‌లోనూ ఉంది. పాత వెర్షన్లున్నవారు ఇండెక్స్, మ్యాచ్ ఫంక్షన్లను కలిపి అదే పని చేయించుకోవచ్చు:

=ఇండెక్స్('రేట్లు'!$సి$2:$సి$300,మ్యాచ్(ఏ2,'రేట్లు'!$ఏ$2:$ఏ$300,0))

కోడు దొరకనప్పుడు సున్నా వచ్చేలా పెట్టుకునేవారు ఉన్నారు, అది చేయకండి. సున్నా మొత్తంలో నిశ్శబ్దంగా కలిసిపోయి సరుకు ఉచితంగా వెళ్ళిపోతుంది. 'రేటు లేదు' అన్న మాటను కిలోలతో గుణించబోతే మాత్రం #వాల్యూ! అనే తప్పు సూచన వచ్చి, ధర నమోదు చేసేదాకా ఆ బిల్లు మొత్తం తేలదు.