గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకు మెడికేర్: గడువు దాటకముందే చూసుకోవలసినవి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి పెద్ద వయసులో గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకు, ప్రధానంగా అరవై అయిదు నిండినవారి కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ గురించి గుర్తు చేసే ఉత్తరం ఏదీ రాదు. అప్పటికే సోషల్ సెక్యూరిటీ పింఛను అందుకుంటున్నవారికి అరవై అయిదు నిండే వేళకు మెడికేర్ కార్డు దానంతట అదే ఇంటికి వస్తుంది. ఇక్కడ ఉద్యోగం చేయని మన పెద్దవాళ్ళకు ఆ పింఛను ఉండదు కాబట్టి కార్డు కూడా రాదు. దరఖాస్తు మనమే పెట్టాలి, తేదీ మనమే లెక్క వేసుకోవాలి. ఆ తేదీ దగ్గరే చాలా కుటుంబాలు పొరబడుతున్నాయి.

పౌరసత్వం లేని గ్రీన్ కార్డుదారు ఇక్కడి పని రికార్డు లేకుండా మెడికేర్‌లో చేరాలంటే అరవై అయిదేళ్ళు నిండటంతో పాటు, దరఖాస్తుకు ముందు వరుసగా అయిదేళ్ళు అమెరికాలో నివసించి ఉండాలి. ఈ రెండింటిలో ఏది తర్వాత పూర్తయితే, చేరడానికి ఇచ్చే గడువు దాన్ని బట్టి మొదలవుతుంది. ఆ నెలకు ముందు మూడు నెలలు, ఆ నెల, తర్వాత మూడు నెలలు కలిపి మొత్తం ఏడు నెలలు. ఉదాహరణకు డెబ్బై ఏళ్ళ తండ్రి 2021 జూలైలో గ్రీన్ కార్డుతో దిగితే, ఆయనకు చూసుకోవలసినది పుట్టినరోజు కాదు, 2026 జూలై. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవడం మంచిది. భార్యాభర్తలు వేర్వేరు నెలల్లో వచ్చి ఉంటే ఇద్దరి గడువులూ వేర్వేరు, ఒకరి దరఖాస్తు రెండోవారికి చెల్లదు.

పుట్టినరోజును బట్టి గడువు మొదలయ్యేవారు ఇంకొక సంగతి గమనించాలి. బడిలో చేర్పించేటప్పుడు మాస్టారు వేసిన జూలై 1 వంటి తేదీయే మన పెద్దవాళ్ళలో చాలామందికి పాస్‌పోర్టులో, గ్రీన్ కార్డులో ఉంటుంది. ఒకటో తేదీన పుట్టినవారికి మెడికేర్ అంతకు ముందు నెలను లెక్కలోకి తీసుకుంటుంది. జూలై 1 అయితే గడువు మార్చిలో మొదలై సెప్టెంబరు ఆఖరుకు ముగుస్తుంది. ఇంట్లో అందరికీ తెలిసిన అసలు తిథి ఏదైనా, లెక్కకు వచ్చేది కాగితాల్లోని తేదీయే.

ఖర్చు సంగతి దాచకుండా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది వెనకడుగు వేసేది దాన్ని చూసే. ఆసుపత్రి ఖర్చులకు సంబంధించిన పార్ట్ ఎ, నలభై క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ళ పని ఉన్నవారికి మాత్రమే ఉచితం. అవి లేకపోతే 2026లో నెలకు 565 డాలర్లు, ముప్ఫై నుంచి ముప్ఫై తొమ్మిది క్రెడిట్లు ఉంటే 311 డాలర్లు. డాక్టరు ఖర్చులకు సంబంధించిన పార్ట్ బి ప్రామాణిక ప్రీమియం 202.90 డాలర్లు. క్రెడిట్లు ఏవీ లేని దంపతులు రెండూ తీసుకుంటే నెలకు 1,535.80 డాలర్లు అవుతుంది. కొడుకు ఇరవై ఏళ్ళుగా కడుతున్న మెడికేర్ పన్ను ఈ లెక్కలో తల్లిదండ్రులకు కలిసి రాదు, ఇండియాలో చేసిన సర్వీసూ కలిసి రాదు. భార్య లేదా భర్త రికార్డు మాత్రం పనికివస్తుంది. తండ్రికి నలభై క్రెడిట్లు ఉండి ఆయనకు అరవై రెండు దాటితే, అరవై అయిదు నిండిన తల్లికి కూడా పార్ట్ ఎ ఉచితంగా వస్తుంది. అందుకే ఓపిక ఉన్న పెద్దవాళ్ళు ఏ కిరాణా కొట్టులోనో, డే కేర్‌లోనో పని చేస్తుంటే జీతం పేరోల్ ద్వారా పన్నులు పట్టుకుని ఇచ్చేలా చూసుకోవాలి. 2026లో 7,560 డాలర్లు సంపాదిస్తే ఆ ఏడాదికి నాలుగు క్రెడిట్లు వస్తాయి, లెక్కల్లో చూపకుండా చేతికి తీసుకున్న నగదుకు ఒక్కటీ రాదు.

పార్ట్ ఎ భారమనిపిస్తే పార్ట్ బి ఒక్కటే తీసుకోవడానికి వీలుంది. అయితే ఆసుపత్రిలో చేరితే వచ్చే పెద్ద బిల్లుకు అది సరిపోదు కాబట్టి దానికి వేరే ఏర్పాటు ఉన్నప్పుడే ఆ పని చేయాలి. మెడికేర్ బదులు ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లానుకైతే రెండు భాగాలూ ఉండాలి.

ఇక జరిమానా. గడువు ముగిసిన తర్వాత పన్నెండు నెలలు పూర్తిగా గడిచిన ప్రతిసారీ పార్ట్ బి ప్రీమియం మీద పది శాతం పెరుగుతుంది, ఆ పెంపు పార్ట్ బి ఉన్నంత కాలం వదలదు. ఒక తల్లి గడువు 2023 సెప్టెంబరుతో ముగిసి, ఆమె 2026 జనవరిలో చేరిందనుకుందాం. మధ్యలో ఇరవై ఎనిమిది నెలలు, అంటే రెండు పూర్తి సంవత్సరాలు గడిచాయి కాబట్టి ఇరవై శాతం పడుతుంది. 202.90 డాలర్లకు బదులు సుమారు 243.50 డాలర్లు కట్టాలి, ప్రీమియం పెరిగిన ఏడాదల్లా ఆ శాతం కూడా పెరిగిన మొత్తం మీదే వేస్తారు. డబ్బు కట్టి తీసుకునే పార్ట్ ఎకి జరిమానా పది శాతమే అయినా, ఎన్నేళ్ళు ఆలస్యమైతే దానికి రెట్టింపు ఏళ్ళు కట్టాలి. డబ్బు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటుంది. గడువు తప్పినవారు సాధారణంగా జనవరి 1 నుంచి మార్చి 31 లోపల మాత్రమే చేరగలరు, కవరేజీ ఆ మరుసటి నెల నుంచి మొదలవుతుంది. ఏప్రిల్‌లో గుండెనొప్పి వచ్చిన మనిషికి మళ్ళీ జనవరి దాకా దారి ఉండదు.

ఇతర ఇన్సూరెన్స్ ఉంది కదా అన్న ధీమాతోనే చాలామంది గడువు వదిలేస్తారు. ఆలస్యానికి మినహాయింపు ఇచ్చేది తమ సొంత ఉద్యోగం లేదా జీవిత భాగస్వామి చేస్తున్న ఉద్యోగం ద్వారా వచ్చే కంపెనీ ఇన్సూరెన్స్ మాత్రమే. అది ఆగిన తర్వాత ఎనిమిది నెలల వ్యవధి ఇస్తారు. విజిటర్ ఇన్సూరెన్స్, ఇండియాలో తీసుకున్న పాలసీ, ఉద్యోగం పోయాక కొనసాగించే కోబ్రా, కొడుకు కంపెనీ ద్వారా దొరికిన కవరేజీ, ఇవేవీ ఆ మినహాయింపుకు పనికిరావు. ఒబామాకేర్ అని మనవాళ్ళు పిలిచే మార్కెట్‌ప్లేస్ పాలసీ అయిదేళ్ళు నిండే వరకు మంచి ఆధారమే. ఆ తర్వాత కూడా దానిలోనే ఉండిపోతే మాత్రం జరిమానా నెలలు లెక్కకు వస్తూనే ఉంటాయి.

మందుల కోసం ఉన్న పార్ట్ డిని కూడా తేలికగా తీసుకోకూడదు. ఏడాదికి సరిపడా బీపీ, షుగర్ మాత్రలు ఇండియా నుంచే తెచ్చుకుంటున్నామని దాన్ని వదిలేస్తారు. సరైన కవరేజీ లేకుండా వరుసగా అరవై మూడు రోజులు గడిస్తే, లేని ప్రతి నెలకూ జాతీయ మూల ప్రీమియంలో ఒక శాతం చొప్పున జరిమానా వేస్తారు. ఆ మూల ప్రీమియం 2026లో 38.99 డాలర్లు. మొత్తం చిన్నదే, కానీ పార్ట్ డి ఉన్నంత కాలం ఉంటుంది. తక్కువ ధర ప్లాను ఒకటి తీసుకుని ఉంచుకోవడం మేలు.

అయిదేళ్ళ లెక్క పూర్తయ్యే వరకు ఇండియా ప్రయాణాలు ఆరు నెలల లోపే ముగించుకోవాలి. అంతకు మించితే నివాసం తెగిపోయిందా అన్న ప్రశ్న వస్తుంది. పాత పాస్‌పోర్టులను స్టాంపులతో సహా దాచిపెట్టాలి. ఇండియాలో చేయించుకున్న వైద్యానికి మెడికేర్ సాధారణంగా డబ్బు ఇవ్వదు కాబట్టి ప్రయాణానికి వేరే పాలసీ అవసరమవుతుంది.

ఆదాయం తక్కువగా ఉన్న పెద్దవాళ్ళ విషయంలో రాష్ట్ర ప్రభుత్వపు మెడికేర్ సేవింగ్స్ ప్రోగ్రామ్ గురించి తప్పక విచారించాలి. రాష్ట్రమే ప్రీమియం కట్టే ఏర్పాటు కుదిరితే పార్ట్ బి జరిమానా కూడా పోతుంది. అర్హతలు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి, స్పాన్సర్ ఆదాయాన్ని కూడా అడగవచ్చు. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత సలహా కేంద్రాలు ఉన్నాయి. ప్లాన్లు అమ్మే ఏజెంటుకన్నా ముందు వాళ్ళతో మాట్లాడటం మంచిది. సోషల్ సెక్యూరిటీ నంబరు 1-800-772-1213. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళ కోసం దుబాసీని అడిగితే ఉచితంగా ఏర్పాటు చేస్తారు.

ఫోన్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం, మాట్లాడిన ఉద్యోగి పేరు, ఆయన చెప్పిన సమాధానం ఒక పుస్తకంలో రాసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగి ఇచ్చిన తప్పుడు సమాచారం వల్ల గడువు తప్పిందని చూపగలిగితే జరిమానా తీసివేయమని కోరే హక్కు ఉంది, ఆ రోజు చూపడానికి మన దగ్గర ఉండేది ఆ పుస్తకమే.