ల్యాప్‌టాప్‌లో రోజూ అవే యాప్స్, అవే క్లిక్స్ ఎందుకు? షార్ట్‌కట్ కీ, టైమర్ ఇలా పెట్టుకోండి

పీజీలో ఇడ్లీ తినేసి తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి ల్యాప్‌టాప్ తెరిచి, తొమ్మిదిన్నర స్టాండప్ (టీమ్ అంతా రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్) లోపు వీపీఎన్ (ఆఫీస్ నెట్‌వర్క్‌కి కలిపే యాప్), మెయిల్, చాట్, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు ఒక్కోటీ వెతుక్కుంటూ క్లిక్ చేసేవాళ్లు బెంగళూరులో మన తెలుగోళ్లలోనే బోలెడంత మంది. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు, విండోస్‌లోనే అన్నీ ఉన్నాయి, ఆ మూలకి ఎవరూ వెళ్లరంతే. నేను చెప్పేది విండోస్ 11 లెక్కన, 10లో కూడా దాదాపు ఇదే (10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇంకా అందులోనే ఉంటే మారే సంగతి చూసుకోండి).

ముందు ఒకటి తేల్చుకోండి. మీకు అవసరం పడ్డప్పుడు తెరిచేవి కొన్ని ఉంటాయి, క్యాలిక్యులేటర్, నోట్‌ప్యాడ్, ఎక్సెల్ లాంటివి, వీటికి షార్ట్‌కట్ కీ చాలు. గడియారం చూసి తెరవాల్సినవి ఇంకొన్ని, స్టాండప్ లింకు, శుక్రవారం టైమ్‌షీట్, రాత్రి క్లయింట్ కాల్, వీటికి టైమర్ కావాలి. ఈ తేడా చూసుకోకుండా అన్నీ తీసుకెళ్లి స్టార్టప్‌లో, అంటే లాగిన్ అవ్వగానే వాటంతటవే తెరుచుకునే యాప్స్ లిస్టులో పడేస్తే ల్యాప్‌టాప్ ఆన్ అవ్వగానే ఫ్యాన్ హోరెత్తిపోద్ది, ఐదు నిమిషాలు మౌస్ కూడా కదలదు, అప్పుడు ల్యాప్‌టాప్‌ని తిట్టుకుని లాభం లేదు.

అన్నిటికంటే తేలికైన షార్ట్‌కట్ ఇప్పటికే మీ దగ్గర ఉంది. కింద టాస్క్‌బార్‌లో యాప్‌ని పిన్ చేస్తారు కదా, ఎడమ నుంచి మొదటిదానికి విండోస్ కీ ప్లస్ 1, రెండోదానికి విండోస్ కీ ప్లస్ 2, అలా 9 దాకా, పదోదానికి 0. యాప్ తెరిచి లేకపోతే తెరుస్తుంది, తెరిచి ఉంటే ముందుకి తెస్తుంది. షిఫ్ట్ కూడా కలిపి నొక్కితే అదే యాప్ ఇంకో విండోలో వస్తుంది, బ్రౌజర్‌కి ఇది బాగా పనికొస్తుంది. కాబట్టి రోజూ వాడే నాలుగైదిటిని లాగి ఎడమ పక్కకి వరసగా పెట్టుకోండి, వరస మాత్రం ఊరికే మార్చకండి, వేళ్లకి అలవాటయ్యాక మారిస్తే మెయిల్ అనుకుని ఇంకేదో తెరుస్తారు. నిజం చెప్పాలంటే సగం మందికి ఇది చాలు.

ఇది చాలనివాళ్లకి కంట్రోల్ ఆల్ట్ పద్ధతి. యాప్‌కి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ ఉండాలి. లేకపోతే విండోస్ కీ ప్లస్ ఆర్ నొక్కి, వచ్చిన రన్ బాక్స్‌లో ఇంగ్లీషులో షెల్, కోలన్, యాప్స్‌ఫోల్డర్ అని మధ్యలో స్పేస్ లేకుండా కొట్టి ఎంటర్ చేయండి, ల్యాప్‌టాప్‌లో ఉన్న యాప్స్ అన్నీ, స్టోర్ నుంచి దింపినవి కూడా, ఒకే ఫోల్డర్‌లో కనిపిస్తాయి. కావాల్సినదాని మీద రైట్ క్లిక్ చేసి క్రియేట్ షార్ట్‌కట్ అంటే, ఇక్కడ కుదరదు డెస్క్‌టాప్ మీద పెట్టనా అని అడుగుతుంది, ఎస్ కొట్టేయండి. ఇప్పుడు డెస్క్‌టాప్‌కి వచ్చి ఆ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షార్ట్‌కట్ ట్యాబ్. అందులో షార్ట్‌కట్ కీ అనే గడిలో నన్ అని ఉంటుంది, అక్కడ క్లిక్ చేసి ఒక్క అక్షరం నొక్కండి, ఉదాహరణకి ఎన్, కంట్రోల్ ప్లస్ ఆల్ట్ ప్లస్ ఎన్ అని అదే రాసుకుంటుంది. అప్లై, ఓకే, అయిపోయింది. కింద రన్ అని ఇంకో గడి ఉంటుంది, అందులో మ్యాగ్జిమైజ్డ్ పెడితే ఫుల్ స్క్రీన్‌లో, మినిమైజ్డ్ పెడితే చప్పుడు లేకుండా కింద టాస్క్‌బార్‌లో తెరుచుకుంటుంది.

ఈ షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీదో స్టార్ట్ మెనూలోనో ఉంటేనే కీ పని చేస్తుంది. డెస్క్‌టాప్ నీట్‌గా ఉండాలని దాన్ని తీసుకెళ్లి డాక్యుమెంట్స్‌లో ఒక ఫోల్డర్‌లో దాచేస్తే ఆ కీ చచ్చిపోయినట్టే, చాలామంది "నిన్నటిదాకా పనిచేసింది బ్రో" అనేది దీనికే.

అక్షరం ఎంచుకునేటప్పుడు కూడా కాస్త చూసుకోండి. ఇండియా ఇంగ్లీష్ కీబోర్డ్ లేఅవుట్ పెట్టుకున్నవాళ్లకి కంట్రోల్ ఆల్ట్ 4 నొక్కితే రూపాయి గుర్తు పడుతుంది, దాన్ని యాప్‌కి ఇచ్చేస్తే ఇన్వాయిస్‌లో రూపాయి కొట్టబోయి యాప్ తెరుస్తారు. మీరు వాడే ఎడిటర్‌కో డిజైన్ టూల్‌కో సొంత కంట్రోల్ ఆల్ట్ కీలు ఉంటే వాటితో కూడా గొడవే. ఇంకో తమాషా, విండోస్‌లో కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, విండోస్ నాలుగూ పట్టుకుని ఎల్ నొక్కితే లింక్డ్‌ఇన్ తెరుచుకుంటుంది, డబ్ల్యూ నొక్కితే వర్డ్, ఎక్స్ నొక్కితే ఎక్సెల్. మేనేజర్ పక్కన ఉన్నప్పుడు మాత్రం ఎల్ ట్రై చేయకండి.

కంట్రోల్ ఆల్ట్ కాకుండా మీకు నచ్చిన కాంబినేషనే కావాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్లదే పవర్‌టాయ్స్ అని ఫ్రీగా దొరుకుతుంది, అందులో కీబోర్డ్ మేనేజర్‌లో ఒక షార్ట్‌కట్‌కి ప్రోగ్రామ్ నడపడాన్నో లింకు తెరవడాన్నో కట్టేయొచ్చు. అది బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తూ ఉండాలి, ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లని అడిగే వేయండి.

ఇక టైమర్ సంగతి. స్టార్ట్‌లో టాస్క్ షెడ్యూలర్ అని వెతకండి. తెరవగానే పాతకాలం ప్రభుత్వ ఆఫీసు ఫైల్ లాగా ఉంటుంది, భయపడక్కర్లేదు, కుడి పక్కన క్రియేట్ బేసిక్ టాస్క్ అని ఉన్నదే మనకి కావాల్సింది. స్టాండప్‌నే ఉదాహరణగా తీసుకుందాం. పేరు దగ్గర స్టాండప్ అని పెట్టండి. ట్రిగ్గర్ దగ్గర, అంటే ఎప్పుడు నడవాలో చెప్పే చోట, డైలీ పెట్టకండి, ఆదివారం పొద్దున కూడా మీటింగ్ తెరుచుకుంటుంది, వీక్లీ పెట్టి సోమవారం నుంచి శుక్రవారం దాకా టిక్ చేసి టైమ్ 9:25 ఇవ్వండి. యాక్షన్ దగ్గర స్టార్ట్ ఎ ప్రోగ్రామ్. తర్వాతి పేజీలో ప్రోగ్రామ్ గడిలో బ్రౌజర్ ఫైల్‌ని బ్రౌజ్ చేసి చూపించండి, యాడ్ ఆర్గ్యుమెంట్స్ గడిలో మీటింగ్ లింకు పేస్ట్ చేయండి. బ్రౌజర్ ఫైల్ ఎక్కడుందో తెలీకపోతే స్టార్ట్‌లో దాని పేరు మీద రైట్ క్లిక్, ఓపెన్ ఫైల్ లొకేషన్, వచ్చిన షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ అని ఉన్నదే అడ్రస్. ఇలా లింకు ఇవ్వడం వల్ల ఏ మీటింగ్ యాప్ అన్న గోలే లేదు, టైమ్‌షీట్ పేజీ, జిరా బోర్డు (టీమ్ పనుల లిస్టు ఉండే పేజీ), ట్రైన్ తత్కాల్ పేజీ ఏదైనా ఇదే పద్ధతి. మీటింగ్ లింకుల్లో మాత్రం యాప్‌లో తెరవనా అని బ్రౌజర్ అడుగుతుంది, ఆ ఒక్క క్లిక్, జాయిన్ క్లిక్ మీవే.

చివరి పేజీలో ఫినిష్ కొట్టే ముందు ప్రాపర్టీస్ తెరవమని ఒక టిక్ ఉంటుంది, దాన్ని పెట్టి ఫినిష్ చేయండి. అసలు పని అక్కడే ఉంది. టాస్క్ పెట్టడం అందరూ పెడతారు, మర్నాడు అది నడవకపోతే "ఇది వర్క్ అవ్వదు" అని వదిలేస్తారు, కారణం మాత్రం ఎప్పుడూ ఆ ప్రాపర్టీస్‌లోనే ఉంటుంది.

కండిషన్స్ ట్యాబ్‌కి వెళ్లండి. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉంటేనే టాస్క్ మొదలుపెట్టు అని డీఫాల్ట్‌గా టిక్ పెట్టి ఉంటుంది, దాని కిందే బ్యాటరీ మీదకి వస్తే ఆపేయి అని ఇంకోటి. మన దగ్గర వానాకాలం సాయంత్రం నాలుగు చినుకులు పడితే కరెంటు పోతుంది, పీజీలో ఇన్వర్టర్ లైట్లకీ ఫ్యాన్లకే, లేదంటే మీరు ల్యాప్‌టాప్ పట్టుకుని కేఫ్‌లో కూర్చుంటారు, అలాంటప్పుడు ఈ టిక్ వల్ల టాస్క్ అసలు కదలదు, ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. రెండూ తీసేయండి. యాంటీవైరస్ స్కాన్, బ్యాకప్ లాంటి బరువు పనులకి మాత్రం ఉంచుకోవడమే మంచిది, బ్యాటరీ తాగేస్తాయి.

అదే ట్యాబ్‌లో వేక్ ది కంప్యూటర్ అని ఉంటుంది. ల్యాప్‌టాప్ స్లీప్‌లో ఉంటే లేపి మరీ నడుపుతుంది, పూర్తిగా షట్‌డౌన్ చేసేసి ఉంటే మాత్రం లేపలేదు. లేపాలంటే పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, స్లీప్ కింద అలో వేక్ టైమర్స్ కూడా ఎనేబుల్ అయి ఉండాలి. నా ఉద్దేశంలో యాప్ తెరవడం కోసం ఇది అక్కర్లేదు, మూత మూసి బ్యాగులో పెట్టి సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ లేచి కూర్చుంటే బ్యాగు వేడెక్కడం తప్ప ప్రయోజనం ఏముంది.

దానికి బదులు సెట్టింగ్స్ ట్యాబ్‌లో, టైమ్ దాటిపోతే వీలైనంత త్వరగా నడుపు అనే అర్థం వచ్చే లైన్ ఒకటి ఉంది, డీఫాల్ట్‌గా టిక్ ఉండదు, మీరు పెట్టుకోవాలి. 9:25కి ల్యాప్‌టాప్ స్లీప్‌లో ఉండి మీరు 9:40కి తెరిస్తే అప్పుడు నడుస్తుంది, వెంటనే కాకపోవచ్చు, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. టైమ్‌షీట్‌కి ఇది బంగారం, స్టాండప్‌కి పెద్దగా ఉపయోగం లేదు.

జనరల్ ట్యాబ్‌లో ఇంకో ఉచ్చు. యూజర్ లాగాన్ అయి ఉన్నా లేకపోయినా నడుపు అనే ఆప్షన్ చూడ్డానికి బాగుంది కదా అని పెడితే, ప్రోగ్రామ్ నడుస్తుంది కానీ విండో మీ స్క్రీన్ మీదకి రాదు, కనపడకుండా లోపలెక్కడో నడుస్తూ ఉంటుంది. కళ్లకి కనిపించాల్సిన యాప్‌కి లాగాన్ అయి ఉన్నప్పుడే నడుపు అన్నదే ఉంచండి, స్క్రీన్ లాక్ చేసి ఉన్నా పర్లేదు, లాక్ వెనకాల తెరుచుకుని ఉంటుంది.

వీపీఎన్ లాంటిదానికి టైమ్ కాకుండా ఎట్ లాగ్ ఆన్ అనే ట్రిగ్గర్ బాగుంటుంది, మీరు లాగిన్ అవ్వగానే తెరుచుకుంటుంది. మిగతా యాప్స్‌కి కూడా అదే ట్రిగ్గర్ ఇచ్చి, ట్రిగ్గర్ ఎడిట్‌లో డిలే టాస్క్ ఫర్ అన్నచోట ఒకదానికి 30 సెకన్లు, ఇంకోదానికి 1 నిమిషం పెట్టండి, ముందు వీపీఎన్ కనెక్ట్ అవుతుంది, తర్వాత మెయిల్, తర్వాత చాట్, ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకోవు. స్టార్టప్ ఫోల్డర్‌లో పడేస్తే ఈ సౌకర్యం ఉండదు.

అమెరికా క్లయింట్ ఉన్నవాళ్లు ఇది రాసిపెట్టుకోండి. మన గడియారం ఏడాదంతా ఒకటే, వాళ్లది మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది. న్యూయార్క్ పొద్దున 9 గంటల కాల్ వాళ్ల ఎండాకాలంలో మనకి సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. మీ క్యాలెండర్ అదే సర్దుకుంటుంది, టాస్క్ షెడ్యూలర్‌లో మన టైమ్ ప్రకారం పెట్టింది సర్దుకోదు. అందుకే ఒకే కాల్‌కి రెండు టాస్కులు పెట్టి, ఒక్కోదానికి మొదలయ్యే తేదీ, ఎక్స్‌పైర్ తేదీ ఇచ్చేస్తే ఆ సీజన్‌ది ఆ సీజన్‌లోనే నడుస్తుంది.

పెట్టిన టాస్క్ పనిచేస్తుందో లేదో చూడ్డానికి మర్నాటిదాకా ఆగక్కర్లేదు, టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీలో దాని మీద రైట్ క్లిక్ చేసి రన్ కొట్టండి. పక్కన లాస్ట్ రన్ రిజల్ట్‌లో సున్నా ఎక్స్ సున్నా (0x0) వస్తే బాగానే నడిచింది, చివర 2 వస్తే ఫైల్ దొరకలేదని, అంటే అడ్రస్ తప్పు. స్టార్ట్ ఇన్ అనే గడిలో ఫోల్డర్ ఇస్తే మాత్రం దానికి కోట్స్ పెట్టకండి, కోట్స్ పెట్టినందుకే ఫెయిలయ్యే టాస్కులు చాలా. హిస్టరీ ట్యాబ్ ఖాళీగా ఉంటే కుడి పక్కన ఎనేబుల్ ఆల్ టాస్క్స్ హిస్టరీ నొక్కాలి.

తెరవడానికే కాదు, మూయడానికి కూడా టైమర్ ఉంది. రాత్రి పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటే, రన్ బాక్స్‌లో ఇంగ్లీషులో షట్‌డౌన్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, స్లాష్ టి, స్పేస్, 3600 అని కొట్టండి, 3600 సెకన్లు అంటే గంట తర్వాత ఆగిపోతుంది. మనసు మారితే షట్‌డౌన్, స్పేస్, స్లాష్ ఎ కొడితే క్యాన్సిల్. సేవ్ చేయనివి పోతాయి, ముందే సేవ్ చేసుకోండి.

మ్యాక్ ఉన్నవాళ్లకి షార్ట్‌కట్స్ అనే యాప్ ఉంది, మ్యాక్‌ఓఎస్ మాంటెరీ వెర్షన్ నుంచి వస్తోంది, అందులో ఓపెన్ యాప్ యాక్షన్ వేసి డీటెయిల్స్‌లో యాడ్ కీబోర్డ్ షార్ట్‌కట్ ఇస్తే సరి. టైమ్‌కి తెరవాలంటే క్యాలెండర్‌లో ఈవెంట్ పెట్టి అలర్ట్ దగ్గర కస్టమ్, ఓపెన్ ఫైల్. ఉబుంటులో సెట్టింగ్స్, కీబోర్డ్, కస్టమ్ షార్ట్‌కట్స్‌లో కమాండ్ ఇచ్చి కీ నొక్కడమే, టైమర్‌కి క్రాన్ అనే షెడ్యూలర్ ఉంది, అది వాడేవాళ్లకి నేను చెప్పేదేముంది.

ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో టాస్క్ షెడ్యూలర్ కొన్ని చోట్ల లాక్ చేసి ఉంటుంది, దాన్ని దాటే దారులు వెతక్కండి, టాస్క్‌బార్ నంబర్లతో సర్దుకోండి. పాస్‌వర్డ్ తీసుకెళ్లి ఆర్గ్యుమెంట్స్ గడిలో మాత్రం రాయకండి, మీ ల్యాప్‌టాప్ తెరిచిన ఎవరికైనా అక్కడ కనిపిస్తుంది. సంక్రాంతికి ఊరెళ్తున్నప్పుడు టాస్కులని డిలీట్ చేయక్కర్లేదు, రైట్ క్లిక్ చేసి డిజేబుల్ అనండి, లేకపోతే భోగి రోజు పొద్దున సినిమా పెట్టుకుందామని ల్యాప్‌టాప్ తెరిస్తే స్టాండప్ లింకు తెరుచుకుంటుంది. తిరిగొచ్చాక మళ్లీ ఎనేబుల్ కొట్టడం మర్చిపోకండి.