బయటి వాళ్ల సిస్టమ్‌తో మన సిస్టమ్ కలిపే ముందు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి సీజన్ మొదలయ్యే లోపే ఈ పని ముగించాలి. బండ్లు బారులు తీరాక సర్వర్ ముట్టుకోవద్దు.

• ముందు కొలతలు చూడండి. అడ్తిదారు లెక్క క్వింటాళ్లలో, జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజ తీసే మిల్లు) లెక్క బేళ్లలో. ఒక బేలు, అంటే నొక్కి కట్టిన దూది మూట, 170 కిలోలు. మా మిల్లులో "బరువు" అనే ఒక్క గడిలోకి రెండూ వచ్చిపడి, రెండు రోజులు స్టాకు తేలక అందరం టెన్షన్ పడ్డాం. ఏ మాటకు ఏ అర్థమో ఇరువైపుల వాళ్లూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. నా లెక్కలో మిగతావన్నీ దీని తర్వాతే.

• మన డేటాబేస్ తాళం ఎవరికీ ఇవ్వొద్దు. ఏపీఐ (రెండు సిస్టమ్‌లు అడిగిన సమాచారం మాత్రమే ఇచ్చిపుచ్చుకునే దారి) ద్వారా కావలసినంతే చూపించాలి. రవాణా వాళ్లకు బండి నంబరు, బేళ్ల సంఖ్య చాలు. రైతు ఆధార్, బ్యాంకు ఖాతా వాళ్లకెందుకు? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్నీ గుర్తుంచుకోండి.

• ఒక్కో భాగస్వామికి వేరే లాగిన్. ఒప్పందం ముగిసిన రోజే మూసేయాలి.

• అవతలి సిస్టమ్ ఆగితే? కాంటా దగ్గర రైతు ఎండలో నిలబడకూడదు. బరువు మన దగ్గర నమోదై, లైన్ వచ్చాక అవతలి సిస్టమ్‌కు వెళ్లాలి. ఒకసారి కావాలనే కేబుల్ పీకి చూడండి.

• వాళ్లు సాఫ్ట్‌వేర్ మార్చేటప్పుడు ఎన్ని రోజుల ముందు చెప్పాలో ఒప్పందంలో రాయించండి. రాత్రిపూట ఫోన్ ఎత్తే మనిషి నంబరు కూడా.