లూప్ తిరుగుతుండగానే లిస్టులోంచి తీసేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

పనికిరాని రికార్డులు ఏరేసే స్క్రిప్ట్ రాస్తుంటే అన్నిటికన్నా ముందు ఆ లూప్‌ను చూడండి. లూప్ ఏ లిస్టు మీద తిరుగుతోందో, లోపల అదే లిస్టులోంచి తీసేస్తున్నారా? ఎర్రర్ వచ్చి ఆగిపోతే అదృష్టమే. ఏ ఎర్రరూ లేకుండా సగం పని చేసి ఊరుకుంటేనే అసలు ప్రమాదం.

పైథాన్‌లో 10, 20, 20, 30 అని ఒక లిస్టు ఉందనుకోండి. 20 కనిపించినప్పుడల్లా తీసేయమని ఫర్ లూప్ రాశారు. ఇండెక్స్ (0 నుంచి లెక్కపెట్టే స్థానం) 1లో ఉన్న 20 పోతుంది. దాని వెనకున్న 20 జరిగి ఆ ఖాళీలోకి వస్తుంది. లూప్ మాత్రం ఇండెక్స్ 2కి వెళ్లిపోతుంది, అక్కడ ఇప్పుడున్నది 30. చివరికి 10, 20, 30 మిగులుతాయి. రెండో 20ని ఎవరూ చూడనే లేదు.

జావాలో కన్‌కరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ (తిరుగుతుండగా లిస్టు మారితే వచ్చే ఎర్రర్) పట్టేస్తుందిలే అని ధీమాగా ఉండకండి. అరేలిస్ట్ (జావాలో మామూలుగా వాడే లిస్టు) మీద ఫర్-ఈచ్ లూప్‌తో తిరుగుతూ చివరి నుంచి రెండోదాన్ని తీసేస్తే సైజు ఒకటి తగ్గుతుంది. దాంతో అంతా అయిపోయిందనుకుని లూప్ ఆగిపోతుంది, ఆఖరిది అలాగే మిగులుతుంది. ఒకవేళ ఆ ఎక్సెప్షన్ వచ్చినా, పేరులోని ‘కన్‌కరెంట్’ (ఏకకాలంలో) చూసి థ్రెడ్ల (ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనుల) వెంట పడకండి. ఒకే థ్రెడ్ ఉన్నా వస్తుంది.

ఉంచుకోవాల్సినవాటితో కొత్త లిస్టు కట్టుకోవడం అన్నిటికన్నా మంచి పద్ధతి. పైథాన్‌లో లిస్ట్ కాంప్రహెన్షన్‌తో (బ్రాకెట్లలోనే లూప్, షరతు రాసి కొత్త లిస్టు కట్టే పద్ధతి) ఒక్క లైన్లో అయిపోతుంది. పాత లిస్టును ప్రోగ్రామ్‌లో ఇంకోచోట కూడా వాడుతుంటే, స్లైస్ అసైన్‌మెంట్‌తో (లిస్టు అదే ఉంచి లోపలి విలువలు మాత్రం మార్చడం) అందులోనే నింపండి. జావా 8 నుంచి షరతుకు సరిపోయినవన్నీ తీసేసే రిమూవ్‌ఇఫ్ ఉంది, హాయిగా వాడుకోండి. ఇండెక్స్‌తోనే తిరగాల్సి వస్తే చివర్నుంచి మొదటికి రండి. అప్పుడు ఖాళీలోకి జరిగి వచ్చేవన్నీ మీరు చూసేసినవే.

పైథాన్ 3లో డిక్షనరీ (కీ, దాని విలువ జతలుగా ఉండేది) మీద తిరుగుతూ కీ తీసేస్తే, లూప్ తర్వాతి కీకి వెళ్లేటప్పుడు రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది. ముందే కీస్‌ను లిస్టుగా మార్చుకోండి. పైథాన్ 2లో కీస్ లిస్టునే ఇచ్చేది కాబట్టి, పాత కోడ్ మార్చేటప్పుడు ఇలాంటి లూపులు ప్రత్యేకంగా వెతకాలి.

తీసేసే లైన్ లూప్‌లో కనిపించకపోవచ్చు కూడా. లోపల పిలిచిన ‘క్యాన్సిల్ ఆర్డర్’ లాంటి ఫంక్షన్ ఆ పని చేస్తుండొచ్చు. అది కూడా తెరిచి చదవండి.

టెస్ట్ డేటాలో చెడ్డ రికార్డులు రెండు పక్కపక్కనే ఉండాలి. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని మార్చి మార్చి పెడితే పైథాన్‌లో తప్పు కోడ్ కూడా పాసైపోతుంది. ప్రొడక్షన్‌కు (అసలు డేటా మీదకు) వెళ్లే ముందు, డేటా కాపీ మీద స్క్రిప్ట్‌ను వెంటవెంటనే రెండుసార్లు నడపండి. రెండోసారి తీసేయడానికి ఒక్కటి దొరికినా, మొదటిసారి వదిలేసినట్టే.