పిన్‌కోడ్ రెండు లైన్లలోకి విరగకుండా

కడపలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు టైప్ చేసేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. తెలుగైనా ఇంగ్లీషైనా సాఫ్ట్‌వేర్ లైను విరిచేది ముఖ్యంగా స్పేస్ చూసే. అర్థంతో దానికి పనిలేదు. అందుకే ‘కడప - 516 001’ లైను చివర పడితే 516 పైన ఉండిపోయి, 001 కిందికి దిగుతుంది. ‘రూ. 500’ అయినా, ‘డా.’ తర్వాత వచ్చే పేరైనా అంతే. (థాయ్‌లో పదాల మధ్య స్పేస్ ఉండదు కాబట్టి నిఘంటువు చూసి విరవాలి. ఆ లెక్కన మన పని చాలా సులువు.)

దయచేసి ఎంటర్ కొట్టి సరిచేయొద్దు. ఫాంట్ సైజు మారగానే మొత్తం చెదురుతుంది. విరగకూడని చోట మామూలు స్పేస్ తీసేసి, కంట్రోల్, షిఫ్ట్, స్పేస్ మూడూ కలిపి నొక్కండి. వర్డ్‌లోనూ లిబ్రేఆఫీస్‌లోనూ పనిచేస్తుంది. చూడ్డానికి అదే ఖాళీ, కానీ రెండు ముక్కలూ ఎప్పుడూ కలిసే దిగుతాయి.

పొడవాటి వెబ్ అడ్రస్‌కు దీనికి రివర్స్ కావాలి: విరవాల్సిన చోట కనిపించని జీరో విడ్త్ స్పేస్ పెట్టాలి. అయితే ప్రింట్‌కిచ్చే ఫైల్లోనే పెట్టండి. జనం కాపీ చేసుకునే చోట పెడితే లింక్ తెరుచుకోకపోవచ్చు.