ఓఆర్‌ఎస్ పొట్లం సాయంతో కణత్వచ ప్రొటీన్లను, గ్రాహకాలను నేర్చుకొనే విధానం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, కళాశాలలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో జీవశాస్త్రం చదివే పిల్లలకు కణత్వచం (కణాన్ని చుట్టి ఉండే పొర) పాఠంలో మొదట అడ్డుపడేది ‘గ్రాహకం’ అనే మాటే. గ్రహించడమంటే పుచ్చుకోవడం, పైగా ఒడియాలో ‘గ్రాహక’ అంటే దుకాణానికి వచ్చి సరుకు పట్టుకెళ్ళే మనిషి. అందువల్ల గ్రాహకమంటే బయటి పదార్థాన్ని కణంలోకి తెచ్చుకొనే ద్వారమని రాసేస్తారు. పర్లాకిమిడిలో ప్లస్ టూ విద్యార్థుల కాగితాలు దిద్దేటప్పుడు ఏటా నాకు ఎదురయ్యే తప్పు ఇదే. సాధారణంగా గ్రాహకం పుచ్చుకొనేది సరుకును కాదు, కబురును. సరుకును దాటించే పని రవాణా ప్రొటీన్లది. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగితే పాఠంలో సగం చిక్కు విడిపోతుంది.

ఇందుకు విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి తాగే ఉప్పు–గ్లూకోజు పొడి, అంటే మందుల దుకాణంలో దొరికే ఒక లీటరు ఓఆర్‌ఎస్ పొట్లం, ఒక తెల్ల కాగితం, రెండు రంగుల పెన్సిళ్ళు చాలు. కాగితం మీద చిన్నపేగు లోపలి పొరలోని ఒక కణాన్ని నిలువుగా, పెద్దదిగా గీయండి. పైవైపు పేగులోని ద్రవం, కిందివైపు రక్తం ఉన్నట్లు రాసుకోండి. పాఠ్యపుస్తకాల్లో కణాన్ని గుండ్రంగా గీసి వదిలేయడం వల్ల ఏ ప్రొటీను ఏ ముఖాన ఉందో విద్యార్థికి పట్టదు. పేగు కణం విషయంలో ఆ తేడాయే ప్రాణం.

కణం చుట్టూ రెండు వరుసల ఫాస్ఫోలిపిడ్లను, అంటే తల, తోకలున్న కొవ్వు అణువులను గీయండి. నీటిని ఇష్టపడే తలలు బయటికీ లోపలికీ, నీటిని తప్పించుకొనే తోకలు మధ్యకూ ఉండాలి. ఈ కొవ్వు పొరలో ప్రొటీన్లు కదలాడుతూ ఉంటాయని సింగర్, నికల్సన్ 1972లో ద్రవ మొజాయిక్ నమూనాలో వివరించారు. తోకల భాగం మందం సుమారు 3 నానోమీటర్లు. ఆల్ఫా హెలిక్స్‌గా (స్ప్రింగులా) చుట్టుకున్న ప్రొటీను గొలుసులో ఒక్కో అమైనో ఆమ్లం 0.15 నానోమీటర్ల ఎత్తు పెంచుతుంది కాబట్టి, త్వచాన్ని ఒకసారి దాటడానికి దాదాపు 20 అమైనో ఆమ్లాలు కావాలి. అవి చాలావరకు నీటిని ఇష్టపడనివై ఉంటాయి. ఈ లెక్కను పిల్లలచేత చేయించండి. ప్రొటీను నిర్మాణం ఊహగా కాక కొలతగా కనిపిస్తుంది.

ఇప్పుడు కణానికి కిందివైపు, రక్తం ఉన్న ముఖాన, సోడియం–పొటాషియం పంపును గీయండి. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చుచేసి ఇది మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. అందువల్ల కణంలో సోడియం ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది, బయటి సోడియం లోపలికి రావడానికి ఒత్తిడి పెడుతూనే ఉంటుంది. పైవైపు గీయవలసిన ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీను బతికేది ఆ ఒత్తిడి మీదే. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజు అణువు కూర్చున్నాక అది ఆకారం మార్చుకొని కణం లోపలివైపు తెరుచుకుంటుంది. అలా వచ్చిన గ్లూకోజు కిందివైపున్న జీఎల్‌యూటీ2 ద్వారా రక్తంలోకి పోతుంది. ఉప్పు, చక్కెర కలిసి దాటిన చోటికి నీరు కూడా వెంట వెళుతుంది. ఈ జోడు రవాణా ఊహను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించారు.

రెండో రంగు పెన్సిలుతో కలరాను గీయండి. 2007లో రాయగడ జిల్లా కాశీపురం ప్రాంతంలో కలరా వ్యాపించిన సంగతి ఇక్కడి పెద్దలకు గుర్తుంది కాబట్టి, ఈ భాగాన్ని ఇంట్లో వాళ్ళ ఎదుటే చెప్పుకోవచ్చు. కలరా విషానికి ఐదు ముక్కల వలయం ఒకటి ఉంటుంది. అది కణం పైముఖాన జీఎం1 అనే చక్కెర తొడిగిన కొవ్వును పట్టుకుంటుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి, గ్రాహకాలన్నీ ప్రొటీన్లే కానక్కరలేదని పిల్లలకు చూపించాలి. కణంలోకి చేరిన విషంలోని మిగతా ముక్క, కబురు అందించే జీ ప్రొటీనును ఆరిపోకుండా బిగించేస్తుంది. మామూలుగా ఆ ప్రొటీను కబురు చేర్చి తనంతట తానే ఆగిపోవాలి, ఇప్పుడది ఆగదు. దానితో కణం లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పోగుపడుతుంది, పైముఖాన ఉన్న సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడు మార్గం తెరుచుకొనే ఉంటుంది, క్లోరైడు పేగులోకి కారుతుంది, సోడియం, నీరు దాని వెంట పోతాయి. ఈ విషం పేగులోనే పనిచేస్తుందని శంభునాథ్ డే 1959లో కలకత్తాలో నిరూపించారు.

ఇంత జరుగుతున్నా ఎస్‌జీఎల్‌టీ1 చెడిపోదు. ఈ ఒక్క వాక్యం కింద గీత గీయించండి. ఒక మార్గం తెరుచుకుపోయి నీరు పోతుంటే, పక్కనే ఉన్న మరో ప్రొటీను నీటిని తిరిగి తేగలదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబీస్ అనే వైద్యుడు నోటి ద్వారా ఇప్పించిన ఉప్పు–గ్లూకోజు నీళ్ళు మనుషులను బతికించింది ఇందువల్లనే.

ఇక పొట్లం వెనకవైపు చదవండి. సోడియం క్లోరైడు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 అని ఉంటుంది. అణుభారాలతో భాగిస్తే ఉప్పు నుంచి దాదాపు 45, సిట్రేట్ నుంచి (ఒక్కో అణువులో మూడు సోడియంలు కాబట్టి) 30, మొత్తం 75 మిల్లీమోల్‌ల సోడియం వస్తుంది. గ్లూకోజు కూడా 75. ఇంట్లో ఓపిక వస్తుందని మరో నాలుగు చెంచాల చక్కెర కలిపేవారు ఉంటారు. అది మంచిది కాదు, ఎందుకంటే గాఢత పెరిగిన ద్రవం నీటిని పేగులోకే లాగుతుంది. పొట్లాన్ని సగం చేసి గ్లాసులో కలపడం కూడా పొరపాటే. మొత్తం పొట్లం, సరిగ్గా ఒక లీటరు శుభ్రమైన నీరు.

గ్రాహకం గురించి నేను మొదట చెప్పిన దానికి మినహాయింపులు ఉన్నాయి; ఎల్‌డీఎల్ గ్రాహకం తాను పట్టుకున్న కొలెస్ట్రాల్ కణికను నిజంగానే లోపలికి తీసుకుపోతుంది. కానీ మినహాయింపును చివరనే చెప్పాలి, ముందు చెబితే పాత పొరపాటు మళ్ళీ గట్టిపడుతుంది.

ఇంట్లో మాట్లాడుకొనే మాటలోనే చదువు సాగాలన్న పట్టుదల పర్లాకిమిడికి కొత్త కాదు, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఇక్కడే. కాబట్టి చివరి అభ్యాసాన్ని వంటింట్లోనే చేయించండి. మిరపకాయ కొరికితే నోరు ‘మండుతుంది’ అంటాం, వేడి టీ తాగినా అదే మాట అంటాం. నాలుకలోని నాడీకణాల మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రొటీను మిరపలోని కాప్సైసిన్‌కూ, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికీ ఒకేలా తెరుచుకుంటుంది. డేవిడ్ జూలియస్ బృందం దీన్ని 1997లో గుర్తించింది. ఇది పుచ్చుకొనేది కబురా, దాటించేది సరుకా అని పిల్లలను అడగండి. రెండూ అని చెప్పి, కాప్సైసిన్ కబురు అందగానే దీని గుండా కాల్షియం, సోడియం లోపలికి వస్తాయని బొమ్మలో చూపించగలిగినవారికి పాఠం వచ్చినట్లే.